ఉజ్జయిని రాజే నయం

పోయిన నెలలో ఒక పెండ్లికి వెళ్ళి వచ్చాను. భోజనాల బంతిలో నా పక్కన కూర్చున్నది నాతోబాటు తెలుగు పండిత శిక్షణ పొందిన పాత మిత్రుడు. నలభై ఏండ్లకు పైబడిన స్నేహం మాది. ఛందస్సులో నాకంటె దిట్ట. యతి తప్పిన పద్యం చెవిన పడితే ఆయనకు ముద్ద దిగదు. మాట మీద మాట దొర్లి చివరకు మిర్యాలగూడ కేసు దాకా పోయింది. 2018 సెప్టెంబరులో, పట్టపగలు, ఆసుపత్రి వాకిట, గర్భవతియైన భార్య కండ్ల ముందరనే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపిన కేసు అది. 2025 మార్చి 10న నల్లగొండ న్యాయస్థానం అందులో ఒకరికి ఉరిశిక్ష, మరి ఆరుగురికి యావజ్జీవ కారాగారం విధించింది. తీర్పు వచ్చిననాటి నుండి మా ప్రాంతంలో నలుగురు కూడిన చోటల్లా ఆ ప్రస్తావన రాకుండా ఉండదు.

మిత్రుడు విస్తట్లో పప్పు కలుపుకొంటూ తీర్పరిలాగా ఒక మాటన్నాడు. "తప్పంతా సినిమాలది, పంతులూ. పోరగాండ్లకు పుట్టినకాణ్నుంచి గదే నూరిపోసిరి. పాతాళభైరవి కాణ్నుంచి సూడు. తోటమాలి కొడుక్కు రాజు బిడ్డె కావాలె. సూసి సూసి గిట్ల తయారైండ్రు."

నేను జవాబు చెప్పలేదు. పెండ్లివారింట వాదం పెట్టుకోవడం మర్యాద కాదని మజ్జిగ పోయించుకొని లేచాను. (ఊరకుండటం నాకు పాత అలవాటు. ఆ సంగతి చివరన చెబుతాను.) ఇంటికి వచ్చి పడుకొన్నాక నిద్ర పట్టలేదు. ఆ మాట ఆయన ఒక్కనిదే అయితే పోనీ అనుకొందును. పదవీ విరమణ చేసిన మావంటి అధ్యాపకులలో, దేవాలయం అరుగుల మీద కూర్చొనే పెద్దలలో, చివరకు బాగా చదువుకొన్న మన మిత్రులలో కూడ ఇదే మాట వింటున్నాను. కనుక ఈ టపా ఆయన పేరు మీద అందరికీ.

ముందుగా నిందితుని సంగతి చూద్దాం. పాతాళభైరవి 1951 మార్చి 15న విడుదలైంది. విజయావారి చిత్రం. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. తెలుగుతోబాటే తమిళంలోనూ తీశారు. మరుసటి సంవత్సరం జెమినీ వాసన్ దానిని హిందీకి తీసికొనిపోయాడు. ఉజ్జయిని రాజుగారి తోటమాలి కొడుకు రాముడు రాకుమారి ఇందుమతిని చూచి మనసు పడతాడు. కోటలోకి చొరబడతాడు. పట్టుబడతాడు. ప్రాణాలు పోవలసిన చోట రాజు ఒక షరతు పెడతాడు: నా ఐశ్వర్యానికి సరిసమానమైన ఐశ్వర్యం సంపాదించుకొని రా, పిల్లనిస్తాను. ఆ సంపాదన కోసం రాముడు బయలుదేరటం, నేపాళ మాంత్రికుని చేత చిక్కటం, బలి ఇవ్వదలచినవాణ్ణే బలి ఇచ్చి పాతాళభైరవి ప్రతిమను పొందటం, మళ్ళీ పోగొట్టుకోవటం, మళ్ళీ సాధించటం మీకు నేను చెప్పనక్కరలేదు. ఎస్.వి. రంగారావు నోట వెలువడిన 'డింభకా' అనే సంబోధన మా బడిలో పిల్లలకు నేను నేర్పిన సంస్కృత పదాలన్నింటికంటె ఎక్కువగా అబ్బింది. ఆ శబ్దానికి శిశువు అని అర్థమని చెబితే నవ్వేవారు.

ఇది అలాద్దీను కథకు అనుకరణ అని కొందరు పెదవి విరుస్తారు. అద్భుతదీపం బదులు ప్రతిమ, భూతం బదులు దేవత, నిజమే. అయితే పింగళివారి చేతిలో అరేబియా దీపంతోబాటు మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు కూడ ఉన్నాయి. ఆ గ్రంథం ఎత్తుగడ ఎప్పుడైనా గమనించారా? మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ వెంట ఒక తోడు కోరితే, మజిలీ మజిలీకి ఒక కథ చెప్పాలని ఒప్పించుకొని బయలుదేరినవాడు ఒక గొల్ల పిల్లవాడు. అన్ని సంపుటాల రాజుల కథలు, రాకుమార్తెల కథలు, మాయల కథలు చెప్పింది ఎవరికయ్యా అంటే పశువులు కాచుకొనే పిల్లవానికి. ఆ పిల్లవాడు వినడానికి కూర్చొన్నాడు కాబట్టి కథ పుట్టింది. తోటరామునికి మూలం అలాద్దీనా అని వెతికేవారు ఆ పిల్లవాణ్ణి కూడ ఒకసారి చూస్తే బాగుంటుంది.

నేను పాతాళభైరవిని మొదటిసారి చూచింది 1970 ప్రాంతంలో, కల్వకుర్తి వైపు ఒక ఊళ్ళో, గుడారం టాకీసులో. నేల టికెట్టు. ముందర ఇసుకను కుప్పగా దగ్గరకు లాగుకొని దానిమీద కూర్చుంటే తెర బాగా కనబడేది. ఒక్కటే ప్రొజెక్టరు కాబట్టి రీలు రీలుకూ దీపాలు వేసేవారు. సోడాలవాడు, పల్లీలవాడు జనం కాళ్ళ మీదుగా తిరిగేవారు. నాకు బాగా జ్ఞాపకం ఉన్నది తెర మీది మాయలు కాదు. భటులు రాముణ్ణి బంధించినప్పుడు గుడారంలో లేచిన గోల. ఊరిలో అందరూ అక్కడనే ఉన్నారు. కుర్చీలలో పటేలు, పట్వారీ కుటుంబాలు, బెంచీల మీద కోమట్లు, మా వంటి వాండ్లం, నేల మీద మిగతా లోకం. ఆ గోలలో ఒక్క గొంతయినా 'తగిన శాస్తి జరిగింది' అన్నదా? ఒక్కరైనా రాజు పక్షం వహించారా? చూలాండ్రు కూడ అయ్యో కొడుకా అని కంటతడి పెట్టినారు. పటేలుగారి కుర్చీ కూడ రాముని పక్షమే.

మా మిత్రుడు అదే తరంవాడు. ఆ సినిమాను తాను ఎనిమిది సార్లు చూచినట్లు శిక్షణ కాలంలో గొప్పగా చెప్పుకొన్నవాడు. ఎనిమిదిసార్లు చూచి ఆయన ఏమీ చెడిపోలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధమే చేసికొన్నాడు, కట్నం కూడ తీసికొన్నాడు. ఆయన్ను చెడగొట్టలేని సినిమా, అది వచ్చిన అరవై ఏడేండ్లకు మిర్యాలగూడ పిల్లలను ఎట్లా చెడగొట్టిందో నాకు బోధపడలేదు.

పోనీ, సినిమాలు లేని కాలానికి పోదాం. మన ఇండ్లలో పెండ్లి కుదరని ఆడపిల్లల చేత ఏ పారాయణం చేయిస్తాం? రుక్మిణీ కల్యాణం. పోతనగారి భాగవతంలోని ఆ ఘట్టం ఏమిటి? అన్న కుదిర్చిన సంబంధం ఇష్టంలేని పిల్ల, తాను వలచినవానికి రహస్యంగా బ్రాహ్మణుని చేత కబురు పంపుతుంది. ఏ రోజున, ఏ గుడి దగ్గర, ఏ వేళకు వచ్చి తీసికొనిపోవాలో కూడ తానే చెబుతుంది. ఆయన వస్తాడు, రథమెక్కించుకొని పోతాడు. దీనిని వాడుక భాషలో ఏమంటామో నేను వేరే చెప్పాలా? ఇంట్లో పసుపు కుంకుమలు పెట్టి, దీపం వెలిగించి, నలభై రోజులు నియమంగా చదివించేది ఈ కథనే. ఉషాపరిణయం సంగతేమిటి? బాణాసురుని కూతురు కలలో చూచిన వానిని చెలికత్తె చేత అంతఃపురానికి రప్పించుకొంటుంది. సుభద్ర సంగతి చేమకూర వేంకటకవి విజయవిలాసంలో ఎంత ముచ్చటగా చెప్పాడో మా మిత్రుడే ఎన్ని తరగతులకు పాఠం చెప్పాడు! కపట సన్న్యాసిని ఇంట్లో పెట్టుకొన్నది సాక్షాత్తు బలరాముని ఇల్లు. ఇవన్నీ సినిమాలా?

ఇక్కడ మిత్రుడు ఏమంటాడో నాకు తెలుసు. నలభై ఏండ్ల స్నేహం కదా. "అవన్నీ సమానుల నడుమ కథలు. క్షత్రియులకు క్షత్రియులు. తోటమాలి ముచ్చట వేరు" అంటాడు.

ఆ మాట కోసమే నేను ఇంతదూరం వచ్చాను. అయితే తగాదా ప్రేమతో కాదు, రహస్యంతో కాదు, తల్లిదండ్రుల మాట జవదాటడంతో అసలే కాదు. రుక్మిణి జవదాటితే పారాయణ చేయిస్తున్నాం. తగాదా అంతా ఆ పిల్లవాడు ఎవరి కొడుకు అన్నదాని దగ్గర. ఆ మాట నేరుగా అనడానికి నోరు రాక, పాపం సినిమా మీద పెట్టినారు. మిర్యాలగూడ కేసు నడిచింది ఎస్సీ, ఎస్టీల మీద అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడ. అక్కడ ఎవరి పేరునా ఏ సినిమా లేదు.

ఇంకొక సంగతి. సమానుల నడుమనే కథలుండాలన్న మా మిత్రుని కోరికను మన జానపద చిత్రాలు చాలవరకు తీర్చినవి. ఆ రోజుల్లో వచ్చిన కత్తియుద్ధాల సినిమాలను వరుసగా తలచుకోండి. అడవిలో పెరిగినవాడు, గూడెంలో పెరిగినవాడు, కట్టెలు కొట్టేవాని ఇంట పెరిగినవాడు రాకుమారిని ప్రేమిస్తాడు. ఇక కొంప మునిగిందనుకొన్నప్పుడు ఏమవుతుంది? భుజం మీద పుట్టుమచ్చ బయటపడుతుంది. లేదా మెడలోని తాయెత్తు. లేదా చావబోతున్న దాది ఒక నిజం చెబుతుంది. వాడు తప్పిపోయిన యువరాజు! అందరూ ఊపిరి పీల్చుకొంటారు. ఇంతసేపు మనం చూచిన సాహసమంతా రాజరక్తం చేసిన పనేనట. మా నల్లగొండ జిల్లా కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావుగారు (1923–2009) కత్తి పట్టి అటువంటి పాత్రలకు ప్రాణం పోశారు. 'కత్తి కాంతారావు' అని ఊరూరా పిలుచుకొన్నారు. ఆయన నటన మీద నాకు అపారమైన గౌరవం. కాని ఆ పుట్టుమచ్చల మీద లేదు. పుట్టుమచ్చ అంటే తెర మీద చూపించిన కుల ధ్రువీకరణ పత్రం.

పాతాళభైరవిలో పుట్టుమచ్చ లేదు. ఇది చిన్న సంగతి కాదు. మొదటి రీలులో తోటమాలి కొడుకు, చివరి రీలులో కూడ తోటమాలి కొడుకే. తల్లి తల్లే. స్నేహితుడు అంజిగాడు అంజిగాడే. వాడు తప్పిపోయిన ఏ రాజవంశానికీ దొరకడు. పింగళివారికి, కె.వి. రెడ్డిగారికి ఆ సులువైన దారి తెలియక కాదు. తీసికోలేదు, అంతే.

ఆ మాట ఏ రోజుల్లో చెప్పారో కూడ మా జిల్లావాండ్లు మరచిపోకూడదు. 1951 మార్చి అంటే తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు; విరమించింది ఆ యేడు అక్టోబరులో. నల్లగొండ జిల్లా ఆ పోరాటానికి గుండెకాయ. గడీ ముందు నుండి పోతూ చెప్పులు చేతబట్టుకొన్నవాండ్లు, బాంచెన్ దొరా నీ కాల్మొక్త అన్న నోటితోనే ఎదురు మాట్లాడటం నేర్చిన కాలం. 1952 ఎన్నికలలో ఈ నల్లగొండ నుండి రావి నారాయణరెడ్డిగారికి నెహ్రూకంటె ఎక్కువ ఓట్లు వచ్చినవి. అటువంటి నేల మీద ఒక తోటమాలి కొడుకు కోటగోడ దూకితే ప్రేక్షకుడు దానిని వట్టి వినోదంగా చూచాడని ఎవరైనా అంటే నేను నమ్మను. కోట అంటే మావాండ్లకు గడీ. అది దూకరాని గోడ. వాడు దూకినాడు. అందుకే ఆ గోల.

మరి అదే జిల్లాలో, గడీల తలుపులు ఊడిపోయి, కొన్నింటిలో బడులు, కొన్నింటిలో గబ్బిలాలు చేరిన తరువాత, ఒక పిల్లవాడు దూకవలసిన గోడ ఎవరి ఇంటిది? దొరది కాదు. మన మధ్యతరగతి ఇంటిది. నావంటి పంతులుది, నా మిత్రునివంటి పంతులుది, దుకాణదారుది, గుత్తేదారుది. భూమి పంచుమని అడిగిన ఊరు ఆ ఒక్క గోడ జోలికి మాత్రం పోలేదు.

నా మాట అర్థం కావాలంటే ఉజ్జయిని రాజును కొంచెం నింపాదిగా చూడాలి. సి.ఎస్.ఆర్. ఆంజనేయులుగారు వేసిన పాత్ర అది. కోపిష్ఠి, దర్పం కలవాడు, బావమరిది సూరసేనుని వంటివాణ్ణి ఇంట్లో పెట్టుకొని మోసేవాడు. ఏ విధంగానూ ఆదర్శపురుషుడు కాడు. అయినా ఆయన మూడు పనులు చేశాడు. పట్టుబడ్డవాణ్ణి చంపకుండా మాట్లాడాడు. నీవెందుకు తగవో కారణం చెప్పాడు, ఆ కారణం తీర్చుకోగలిగినది. తీర్చుకొని వచ్చిన తరువాత మాట నిలుపుకొన్నాడు. మన ప్రాంతంలో ఏ తండ్రి ఈ మూడింటిలో మొదటిది చేసినా ఆ పిల్లవాడు ఇవ్వాళ బ్రతికి ఉండేవాడు. 'సంపాదించుకొని రా' అన్నది ఎంత ఉదారమైన షరతో ఇప్పుడు తెలుస్తున్నది. చదువు సంపాదించవచ్చు, ఉద్యోగం సంపాదించవచ్చు, ఇల్లు కట్టవచ్చు. మన తండ్రులు అడిగేది ఏ భైరవి ప్రతిమా ఇయ్యలేనిది. మళ్ళీ పుట్టి రమ్మంటారు.

అదే 1951 డిసెంబరులో మల్లీశ్వరి వచ్చింది, బి.ఎన్. రెడ్డిగారిది. అక్కడ పిల్ల తల్లికి ఆస్తి ఆశ, బావ బీదవాడు. రాయలవారి పల్లకి వచ్చి పిల్లను రాణివాసానికి ఎత్తుకొనిపోతుంది. రాణివాసంలోకి పరపురుషుడు పోతే మరణదండన. నాగరాజు పోతాడు, పట్టుబడతాడు, చివరకు రాయలవారు క్షమిస్తాడు. ఇంకా వెనుకకు పోతే బిల్హణుని కథ ఉన్నది. రాకుమారికి చదువు చెప్పబోయి ప్రేమలో పడిన కాశ్మీర కవి. గురుశిష్యులు ఒకరినొకరు చూడకుండా తెర కట్టి, ఆయన అంధుడని ఆమెకు, ఆమె కుష్ఠురోగి అని ఆయనకు చెప్పారట. ఒక వెన్నెల రాత్రి పద్యంతో ఆ తెర తొలగింది. చరిత్రలోని బిల్హణుడు కల్యాణి చాళుక్యుడైన ఆరవ విక్రమాదిత్యుని ఆస్థానకవి. ఆ చక్రవర్తి ఏలుబడిలో మా అలంపురం ఉన్నది, మా కొలనుపాక ఉన్నది. కథలోని బిల్హణుడు వధ్యస్థానానికి పోతూ శ్లోకాలు చెబుతాడు, వినిన రాజు మనసు కరుగుతుంది. కథలలోని రాజులు కరుగుతారు. కరగని రాజుగా మనకు తెలిసినది అనార్కలి కథలో అక్బరు (అది చరిత్ర కాదు, కట్టుకథ అంటారు). 1955 తెలుగు చిత్రంలో ఆ పాత్రా ఎస్.వి. రంగారావుగారే వేశారు. హాలులో జనం ఎవరి కోసం ఏడ్చారు? పాదుషా పరువు కోసమా?

అయితే పాతాళభైరవిని నేను వెనుకేసికొస్తున్నానని అనుకోవద్దు. దాని మీద నాకూ ఒక అభియోగం ఉన్నది. మా మిత్రుని అభియోగానికి సరిగ్గా తలకిందులు. ఆ సినిమా కులం పేరెత్తదు. తోటమాలికీ రాజుకూ నడుమ ఉన్నది కేవలం ధనమన్నట్లు నడిపింది. ధనం వచ్చింది, మేడ వచ్చింది, పెండ్లి పీటలు వచ్చినవి. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి ఇంటికి పోయి నిశ్చింతగా నిద్రపోగలిగాడు. తన ఇంటి గోడకు సంబంధించిన ప్రశ్న తనను ఎవరూ అడగలేదు. సినిమా పిల్లలకు లేనిపోని ధైర్యం నూరిపోసిందన్నది అబద్ధం. పెద్దలకు లేనిపోని నిశ్చింత ఇచ్చిందన్నది నిజం. ఎనిమిదిసార్లు చూచి కూడ మా మిత్రుడు మారకపోవడానికి కారణం ఇదే. రాముడు గెలిచినది భైరవి వరం వలన కదా, మన మనసు మారినందువలన కాదు కదా!

'సినిమాలను కట్టడి చేయాలె' అనే పెద్దలు చట్టాన్ని ఎప్పుడైనా తెరచి చూచారా? 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద పెండ్లి చేసికోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసును కార్యాలయంలో పదిమందికీ కనబడే చోట అంటిస్తారు. ఇంట్లో తెలిస్తే ప్రాణానికే ముప్పు ఉన్న పిల్లలకు ఆ ముప్పై రోజులు ఎటువంటివో ఊహించండి. రాముడు కోటలోకి వస్తున్నాడని నెల ముందు నగారా మోగించినట్లు. 2018 మార్చి 27న సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది: వయసు వచ్చిన ఇద్దరి పెండ్లిలో జోక్యం చేసికొనే అధికారం ఎవరికీ లేదు, ఇటువంటి జంటలకు రక్షణ గృహాలు ఏర్పాటు చేయవలె, పోలీసు అధికారులను బాధ్యులను చేయవలె. మిర్యాలగూడ ఘటన ఆ తరువాత ఆరు నెలలకే. సినిమాను తిట్టే నోటితో ఒక్కసారి, మా జిల్లాలో ఆ రక్షణ గృహం ఎక్కడున్నదని ఎవరైనా కలెక్టరు కార్యాలయానికి పోయి అడిగినట్లు నేను వినలేదు. నేనూ అడగలేదు.

ఇక నా సంగతి.

చాలా ఏండ్ల కిందటి మాట. పాలమూరు జిల్లాలో ఒక ఉన్నత పాఠశాల. ఊరి పేరు అనవసరం. పదవ తరగతిలో ఒక దళిత విద్యార్థి ఉండేవాడు. నేను ఛందస్సు చెబితే ఒకే వారంలో గణాలు పట్టుకొన్నవాడు. నా ఉద్యోగకాలంలో అటువంటివారు వేళ్ళ మీద లెక్కించదగినంతమందే. ఒక రోజు వాని నోటుపుస్తకం ఎవరి చేతికో చిక్కింది. అందులో ఒక ఆటవెలది. పాదాల మొదటి అక్షరాలు కలిపి చదివితే అదే తరగతిలోని ఒక అమ్మాయి పేరు. ఊరిలో పెద్దింటి పిల్ల. పుస్తకం చేతులు మారి ఆ ఇంటికి చేరింది. మరునాడు పొద్దున బడి ముందర పదిమంది నిలబడ్డారు.

సమావేశంలో పుస్తకం నా ముందర పెట్టి, 'మీరు చెప్పిన సదువే కద సార్' అన్నారు. పద్యం చదివాను. గణాలు సరిపోయినవి. మూడవ పాదంలో యతి ఒక్కటి తప్పింది. నేను ఆ క్షణంలో చూచింది అదే, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నది. పిల్లవాని ముఖం చూడలేదు. ఆ అమ్మాయిని ఎవరూ ఏమీ అడగలేదు. మరుసటి వారం నుండి బడికే రాలేదు. పిల్లవానికి టి.సి. ఇచ్చి పంపాలని తీర్మానించారు. పరీక్షలు రెండు నెలల్లో ఉన్నాయి. నా దస్తూరి బాగుంటుందని టి.సి. నా చేతనే వ్రాయించారు. నడవడి అన్న గడిలో 'సంతృప్తికరం' అని వ్రాశాను. దానికి ఒకరిద్దరు అభ్యంతరం చెప్పినా మార్చలేదు. నేను చూపించిన ధైర్యం ఆ ఒక్క మాట పొడుగు.

వాడు ఆ యేడు పరీక్ష వ్రాయలేదు. గుంపు మేస్త్రీ వెంట పనికి పోయాడని తరువాత ఎవరో చెప్పారు. పాలమూరు నుండి పోయే ఆ బండ్లు ఎక్కడెక్కడికి పోతాయో మీకు తెలుసు. ఏ ఊరి ఆనకట్ట మీద, ఏ పట్నపు మేడ మీద వాడు ఇసుక మోశాడో నాకు తెలియదు. ఏ సినిమా వానిని చెడగొట్టలేదు. వానికి ఆటవెలది నేర్పింది నేను. అది తప్పు కాదని ఆనాడు పదిమంది ముందర ఒక్క మాట అనకపోవటం, అదీ నేనే.

అందుకని, మిత్రమా, సినిమాల మీద నీవు వేసిన నింద నేను ఒప్పుకోను. నింద వేయాలంటే నా దగ్గర చాలా ఉన్నవి, నీ దగ్గరా ఉన్నవి. ముప్పై ఏండ్ల పైబడి బడిలో ఉన్నవాండ్లం, ఎన్ని టి.సి.లు వ్రాసినామో లెక్క తీద్దాం. దానికి ముందు ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పు. ఆ గుడారంలో, ఎనిమిది ఆటలలో ఏ ఒక్క ఆటలోనైనా, భటులు రాముని రెక్కలు విరిచి కట్టినప్పుడు నీవు రాజు పక్షాన ఉన్నావా?

పెండ్లిలో చెయ్యి కడుక్కొంటూ నీవు ఇంకొక మాట చెప్పినావు. చిన్నమ్మాయికి ముప్పై వస్తున్నా సంబంధం కుదరలేదని, శుక్రవారం నుండి రుక్మిణీ కల్యాణం పారాయణ మొదలుపెట్టించానని. సంతోషం. సాయంత్రం పూట ఆ పిల్ల చదువుతుంటే పక్కన కూర్చొని, ఆ బ్రాహ్మణుడు ద్వారకకు కబురు మోసుకొనిపోయే ఘట్టం నీవు కూడ ఒకసారి విను. అర్థం నీకు నేను చెప్పనక్కరలేదు, పండితుడివి.